మోలా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: పనామాలోని గునా ఆడవాళ్ల కుట్టుపని, కట్టుబొట్టు

ఎరుపు, నలుపు, నారింజ రంగుల్లో మలుపులు తిరిగే సన్నటి గీతలు, మధ్యలో ఒక పిట్టో తాబేలో. గోడ మీద ఫ్రేములో ఈ గుడ్డని చూసినవాళ్లలో చాలామంది పెయింటింగ్ అనుకుంటారు, కొందరు కుషన్ కవర్ అనుకుంటారు. నిజానికి అది ఒక ఆడమనిషి తొడుక్కునే రవికలో సగం. కుట్టినావిడ అది తన ఒంటి మీదకి వస్తుందనే కుట్టింది. మోలాని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ రవికని, అది తొడుక్కునే మనిషిని చూడాలని నా నమ్మకం. అందుకే కింది జవాబుల్లో కుట్టుపనితో పాటు మిగతా వేషధారణ గురించీ, దాని కోసం జరిగిన పోరాటం గురించీ కూడా రాశాను.

గునా వాళ్లు ఎవరు? ఎక్కడ ఉంటారు?

పనామా దేశానికి కరీబియన్ సముద్రం వైపు, కొలంబియా సరిహద్దు దాకా సన్నగా సాగే ఒక తీరం ఉంది. ఆ తీరం, దాని ముందున్న 350కి పైగా చిన్న దీవులు కలిపి గునా యాలా. చాలా దీవుల్లో కొబ్బరిచెట్లే తప్ప జనం ఉండరు. ఊళ్లున్న దీవుల్లో మాత్రం ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి. పొలాలు, మంచినీళ్లు, అడవి అన్నీ ఎదురుగా ఉన్న తీరం మీదే. పొద్దున్నే పడవేసుకుని అటు వెళ్లి, పని చూసుకుని తిరిగొస్తారు. కొలంబియాలో కూడా కొన్ని గునా ఊళ్లున్నాయి. పనామా సిటీలో స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2010 జనాభా లెక్కల ప్రకారం పనామాలో గునా జనం సుమారు 80 వేలు.

వాళ్లు తమని తాము దూలే అని పిలుచుకుంటారు. పాత పుస్తకాల్లో వాళ్ల పేరు కూనా అనీ, ఆ ప్రాంతం పేరు శాన్ బ్లాస్ అనీ ఉంటుంది. 2011 నుంచి గునా అన్న రూపమే అధికారికం. మోలా గురించి వెతికేవాళ్లు మాత్రం రెండు పేర్లతోనూ వెతకాలి, ఎందుకంటే మ్యూజియంల వివరాలు చాలావరకు పాత పేరుతోనే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గునా ఇళ్లలో అల్లుడు ఇల్లరికం రావడమే పద్ధతి. అమ్మమ్మ, అమ్మ, కూతుళ్లు, మనవరాళ్లు ఒకే కప్పు కింద ఉంటారు. మోలా కుట్టుపని ఇన్ని తరాలు చెదరకుండా నిలబడిందంటే ఈ ఏర్పాటు చేసిన మేలు చాలా ఉంది.

మోలా అంటే రవికా, గుడ్డముక్కా?

రెండూ. గునా భాషలో ఆ మాటకి బట్ట, చొక్కా అని అర్థం. రవిక మొత్తాన్ని మోలా అంటారు. బయటివాళ్లు కొనే దీర్ఘచతురస్రపు కుట్టుపని ముక్కనీ మోలా అనే అంటారు.

రవిక నిర్మాణం చూస్తే విషయం తేలికగా తెలుస్తుంది. పైన భుజాల దగ్గర పల్చటి ప్రింటు గుడ్డతో యోక్, దానికి బుట్ట చేతులు. యోక్ కింద నుంచి నడుము దాకా ముందు ఒక మోలా, వెనక ఒక మోలా. ఒక్కో ముక్క సుమారు 16 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు ఉంటుంది. మనిషిని బట్టి కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ముందు ముక్కా వెనక ముక్కా జంట. రెండింటిలోనూ అదే బొమ్మ ఉంటుంది కానీ అచ్చు గుద్దినట్టు ఉండదు. ముందు రెండు పిట్టలు ఎదురెదురుగా ఉంటే, వెనక అవే పిట్టల మధ్య ఒక కొమ్మ చేరుతుంది. ఒకచోట ఎర్రగా ఉన్నది ఇంకోచోట నారింజ అవుతుంది. ఇది పొరపాటున జరిగేది కాదు. ఒకే మాటని కాస్త మార్చి మళ్లీ చెప్పడం గునా వాళ్లకి ఇష్టం. వాళ్ల పాటల్లోనూ, మంత్రాల్లోనూ ఇదే పద్ధతి వినిపిస్తుంది. మోలా జంటలో తేడాలు వెతుక్కోవడం నాకు చాలా ఇష్టమైన పని. జంట విడిపోయిన మోలాని ఎంత అందమైన ఫ్రేములో పెట్టినా ఆ ఆనందం ఉండదు.

మోలాతో పాటు ఇంకేమేం వేసుకుంటారు?

నడుముకి చుట్టి దోపుకునే ముదురు రంగు గుడ్డ సబురెత్. నీలం లేదా నలుపు మీద పసుపు, ఆకుపచ్చ ప్రింట్లు ఉండేవి ఎక్కువ. తల మీద ముస్వె అనే ఎర్ర గుడ్డ, దాని మీద పసుపు పూలో గీతలో ఉంటాయి. ఎరుపు, పసుపు చూసి కొందరు ఇది మన తేలియా రుమాలు లాంటి నేతపని అనుకుంటారు. కాదు, ముస్వె ఫ్యాక్టరీలో అచ్చువేసిన గుడ్డ. సబురెత్ కూడా అంతే, బయటి నుంచి వచ్చేదే. గునా ఆడవాళ్లు ఒకప్పుడు పత్తి వడికి ఊయలలు నేసేవాళ్లు. ఈ వేషంలోని గుడ్డలు మాత్రం వ్యాపారంలో వచ్చినవి. కొలంబియా పడవలు కొబ్బరికాయలు కొనుక్కోవడానికి దీవులకి వచ్చేవి. ఆ పడవల్లోనే గుడ్డ, దారం, పూసలు దిగేవి. చాలాకాలం అక్కడ కొబ్బరికాయే డబ్బు.

చేతులకీ కాళ్లకీ పూసల పట్టీలు, వాటిని విని అంటారు. ముక్కుకి ఒలాసు అనే బంగారు ఉంగరం. మెడలో హారాలు, చెవులకి బంగారు బిళ్లలు. జుట్టు మాత్రం పొట్టిగా ఉంటుంది. ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు ఊరంతా కలిసి ఇన్నా అనే పులియబెట్టిన చెరకు పానీయంతో పెద్ద వేడుక చేస్తుంది. జుట్టు కత్తిరించేది ఆ వేడుకల్లోనే. పేరంటాలు పెట్టి, పూలజడ వేసి పండుగ చేసే మనకి ఇది వింతగా అనిపించవచ్చు. కానీ అక్కడ పొట్టి జుట్టే ఎదిగిన స్త్రీకి గుర్తు.

బుగ్గలకి ఎర్రరంగు అద్దుకుంటారు, ముక్కు మీద నుదుటి నుంచి కిందికి సన్నటి నల్లగీత గీసుకుంటారు. ఎరుపు వచ్చేది మన మన్యంలో కూడా పండించే జాఫ్రా గింజల నుంచి. ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలమే. నల్లగీతకి హగువా అనే అడవికాయ రసం వాడతారు. రాసినప్పుడు నీళ్లలా ఉండే ఆ రసం కొన్ని గంటల్లో నల్లబడి, కొన్నాళ్ల పాటు చర్మాన్ని వదలదు. పెద్దమనిషైన పిల్ల ఒళ్లంతా కూడా ఈ రసమే పూస్తారు.

ముక్కు ఉంగరం మన ముక్కుపుడక లాంటిదేనా?

మనవాళ్లు ముక్కుపుడక పెట్టుకునేది ముక్కు పక్కన. ఒలాసు ఉండేది రెండు ముక్కురంధ్రాల మధ్య, అంటే బులాకీ వేలాడే చోట. పసిపిల్లగా ఉన్నప్పుడే ముక్కు కుట్టిస్తారు, దానికీ ఒక వేడుక ఉంది. 1925కి ముందు పోలీసులు ముఖ్యంగా కక్షకట్టినవాటిలో ఈ ఉంగరం ఒకటి. ఆ సంగతి కింద వస్తుంది.

చేతులకీ కాళ్లకీ ఉండే పూసల పట్టీలు ఎలా చేస్తారు?

మోలా వెలుగులో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఇది చాలా తెలివైన పని. విని విడిగా అల్లిన పట్టీ కాదు. ఒకే ఒక పొడుగాటి దారానికి చిన్న చిన్న గాజు పూసలు వరుసగా గుచ్చుతారు. అప్పటికి అందులో ఏ డిజైనూ కనిపించదు. ఆ దారాన్ని చేతికి గానీ పిక్కకి గానీ చుట్టుకుంటూ పోతే, ఒక్కో చుట్టులోని రంగు పూసలు పై చుట్టులోని పూసల పక్కకి సరిగ్గా చేరి, నారింజ, పసుపు మీద కోణాలు, మెట్లు, వంకర గీతలు తేలతాయి.

ఆలోచించండి. పిక్క చీలమండ దగ్గర సన్నం, పైకి వెళ్లేకొద్దీ లావు. ప్రతి చుట్టుకీ ఎన్ని పూసలు పడతాయో మారుతూ పోతుంది. ఆ లెక్కంతా గుచ్చేటప్పుడే చూసుకోవాలి. అందుకే ఒకరి కాలికి గుచ్చిన విని ఇంకొకరికి సరిపోదు. కాలు లావైనా డిజైన్ చెదిరిపోతుంది, అప్పుడు దారం విప్పి మళ్లీ గుచ్చుకోవాలి. పట్టీలు బిగుతుగా చుడతారు. సన్నటి కాళ్లు, చేతులు అక్కడ అందానికి గుర్తు. టూరిస్టులకి అమ్మే వినిని దారం పొడుగునా కాకుండా పట్టీలా అల్లి, హుక్ పెట్టి ఇస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ అసలు విద్య అందులో లేదు.

మోలా ఎలా కుడతారు?

దీన్ని అర్థం చేసుకోవడానికి మన బొంత గుర్తు తెచ్చుకుంటే చాలు: గుడ్డ మీద గుడ్డ పరిచి కుట్టడం. తేడా ఏమిటంటే బొంతలో కింది పొరలు దాగిపోతాయి, మోలాలో వాటిని బయటికి తీస్తారు.

రంగురంగుల నూలు గుడ్డలు, తక్కువలో తక్కువ రెండు, ఒకదాని మీద ఒకటి పరిచి కదలకుండా కచ్చా కుట్టు వేస్తారు. పై గుడ్డ మీద పెన్సిల్‌తో పెద్ద గీతలు గీసుకునేవాళ్లు ఉన్నారు, గీతే లేకుండా కత్తెర పెట్టేవాళ్లూ ఉన్నారు. మొన తేలిన చిన్న కత్తెరతో పై పొరని మాత్రమే కోస్తారు. కొంచెం కొయ్యడం, కోసిన అంచుని సూదిమొనతో లోపలికి మడవడం, కింది పొరకి కలిపి కనబడనంత చిన్న కుట్లతో హెమ్మింగ్ చెయ్యడం. మళ్లీ కొంచెం కొయ్యడం. మొత్తం ముందే కోసేసుకుంటే గుడ్డ పీచు లేచి పాడవుతుంది. కోత పడిన చోటల్లా కింది రంగు ఒక గీతలా బయటపడుతుంది. మూడో రంగు కావాలంటే ఇంకో పొర చేర్చి, దాన్నీ అలాగే కోస్తారు. మోలాలో బొమ్మ చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా కనిపించే రంగు గీతలన్నీ ఇలా వచ్చినవే.

ఐదారు రంగులు కనిపించినంత మాత్రాన ఐదారు నిండు గుడ్డలు వాడారని కాదు. ఎక్కడ ఏ రంగు కావాలో అక్కడ పొరల మధ్య చిన్న ముక్క దూర్చి, ఆ చోట పై గుడ్డ కోసి ఆ రంగు చూపిస్తారు. గుడ్డ వృథా కాదు, మోలా మరీ మందం కాదు. ఇక బొమ్మల మధ్య మిగిలిన ఖాళీ. గునా కంటికి ఖాళీ నచ్చదు. నిలువు చీలికలు, చిన్న త్రికోణాలు, చుక్కలు కోసి ఆ జాగా అంతా నింపుతారు. పిట్ట కళ్లు, చేప పొలుసులు లాంటి చిన్న వివరాలకి పైన నాలుగు ఎంబ్రాయిడరీ కుట్లు వేస్తారు.

వంట, పిల్లలు, నీళ్లు, మిగతా పనుల మధ్య ఒక మంచి మోలా పూర్తి కావాలంటే వారాలు పడుతుంది, పని చిక్కదనాన్ని బట్టి నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఊరి సభ జరిగే పెద్ద ఇంట్లో సాయిలా అనే పెద్ద ఊయలలో పడుకుని పాతకథలు పాడుతుంటే, ఆడవాళ్లు వింటూ ఒళ్లో మోలా పెట్టుకుని కుట్టుకుంటూనే ఉంటారు.

అంటే ఇది ఎంబ్రాయిడరీ కాదా? లంబాడీ కుట్టుపని లాంటిది అనుకున్నాను.

కాదు. లంబాడీ పనిలో గుడ్డ మీద దారం, అద్దాలు, గవ్వలు చేరి డిజైన్ అవుతాయి, కంటికి కనిపించేది ఆ దారమే. మోలాలో దారం కనిపించకూడదు, గుడ్డ రంగులే డిజైన్. ఒడిశా పిప్పిలి వాళ్ల అప్లిక్ పని గుడ్డ మీద గుడ్డ కుట్టేది కాబట్టి దీనికి కాస్త దగ్గర. మోలాలో ఎక్కువ భాగం దానికి తలకిందులు: పైన అతికించరు, పైది కోసి కిందిది చూపిస్తారు. కుట్టుపని తెలిసినవాళ్లు దీన్ని రివర్స్ అప్లిక్ అంటారు.

లంబాడీ ఆడవాళ్లతో నిజమైన పోలిక ఇంకోచోట ఉంది. ఇద్దరూ తమ బట్ట తామే కుట్టుకున్నారు. ఇద్దరి వేషాన్నీ బయటివాళ్లు వెనకబాటుతనం అన్నారు.

ఇది ఎంత పాతది?

రవికగా చూస్తే ఎక్కువ పాతది కాదు. 19వ శతాబ్దంలో, వ్యాపారపు గుడ్డ, సూది, కత్తెర బాగా దొరకడం మొదలయ్యాక రూపుదిద్దుకుంది. డిజైన్లు మాత్రం అంతకంటే చాలా పాతవి, గుడ్డ మీదకి రాకముందు అవి ఒంటి మీద ఉండేవి.

1681లో లయనెల్ వేఫర్ అనే వైద్యుడు సముద్రపు దొంగలతో కలిసి పనామా దాటుతూ, మందుగుండు పేలి మోకాలు కాలిపోవడంతో ఇక్కడివాళ్ల మధ్య ఉండిపోయాడు. 1699లో అచ్చయిన తన పుస్తకంలో, వీళ్లు ఒంటి మీద పిట్టలు, జంతువులు, చెట్లు, మనుషుల బొమ్మలు రంగులతో వేసుకునేవాళ్లని రాశాడు. ఆ బొమ్మలు వేసేది ఆడవాళ్లేనని కూడా రాశాడు. ఒంటి మీద రంగు, తర్వాత లోపలి గుడ్డ మీద రంగు, ఆ తర్వాత కత్తెర, సూది. వరుస ఇలా నడిచిందనేది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

గునా వాళ్లు చెప్పుకునే కథ వేరు. ఆత్మలు ఉండే గలు అనే లోకాలున్నాయి. వాటిలో ఒకచోట అన్నీ డిజైన్లే, అక్కడి ఆడవాళ్లు కత్తెరతో కోస్తూ కుడుతూ ఉంటారు. మగవాళ్లెవరికీ అక్కడికి దారి దొరకలేదు. నగెగిర్యాయి అనే మహిమ గల స్త్రీ వెళ్లి, నేర్చుకుని వచ్చి, మిగతా ఆడవాళ్లకి నేర్పింది. ఈ విద్యకి మూలపురుషుడు లేడు, మూలస్త్రీ ఉంది. నాకు ఈ కథంటే చాలా గౌరవం.

బొమ్మలకి అర్థాలుంటాయా?

ప్రతి మోలాకీ ఒక రహస్యార్థం ఉందని చెప్పి అమ్మే దుకాణాలున్నాయి. ఆ మాట పూర్తిగా నమ్మకండి. పాత తరం రేఖాగణితపు మోలాలు, దారి తెలియని చిక్కుముడి గీతలతో ఉండేవి, ఒంటిని చెడు ఆత్మల నుంచి కాపాడతాయన్న నమ్మకం ఉంది. మందుమొక్కలు, మంత్రవైద్యుడి చెక్కబొమ్మలు, కథల్లోని జంతువులు చూపించే మోలాలకి లోతైన అర్థాలు ఉంటాయి.

అలాగని అన్నీ అంతే అనుకోకూడదు. కంటికి నచ్చిన ప్రతిదీ మోలా మీదకి వస్తుంది. తాబేలు, పీత, చిలుక, వంటసామాను. బైబిల్ కథలు. బాక్సింగ్ పోటీలు. ఎన్నికల గుర్తులు. అగ్గిపెట్టె మీది బొమ్మ. గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క, అదే హిజ్ మాస్టర్స్ వాయిస్ ముద్ర, ఎన్నో మోలాల మీద ఉంది. చంద్రుడి మీదకి వెళ్లిన రాకెట్ కూడా. ఇంగ్లీషు అక్షరాలని చదవడానికి కాకుండా ఆకారాలుగా తీసుకుని, తిరగేసి మరగేసి కుట్టినవి కూడా ఉన్నాయి.

వీటిని చూసి సంప్రదాయం పాడైపోయిందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. చుట్టూ ఉన్న లోకాన్ని తీసుకుని తన పద్ధతిలో కోసి కుట్టడమే ఇక్కడి సంప్రదాయం.

1925లో ఏం జరిగింది? బట్టల కోసం తిరుగుబాటు చేశారంటే నిజమేనా?

బట్టలు ఒక్కటే కారణం కాదు కానీ, నిజమే.

1903లో పనామా స్వతంత్ర దేశమయ్యాక, ఈ తీరం ప్రజలని నాగరికులుగా మార్చాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దీవుల్లో పోలీసు ఠాణాలు పెట్టారు. ముక్కు ఉంగరాలు, కాళ్ల పూసలు తీసెయ్యమన్నారు, మోలా బదులు గౌన్లు వేసుకోమన్నారు. ఇన్నా వేడుకలు ఆపమన్నారు, బదులుగా డ్యాన్స్ క్లబ్బులు పెట్టి ఆడపిల్లలు తప్పకుండా రావాలన్నారు. వినని ఆడవాళ్ల ముక్కు ఉంగరాలు, పూసలు బలవంతంగా తీయించారు. మాట వినకపోతే జరిమానాలు, నిర్బంధం. నర్గానా లాంటి కొన్ని దీవుల్లో గునా నాయకుల్లోనే ఒక వర్గం ఈ మార్పుని సమర్థించింది, కాబట్టి గొడవ ఊళ్ల మధ్య, ఇళ్ల మధ్య కూడా నడిచింది.

అయిలిగాందికి చెందిన సిమ్రాల్ కోల్మన్, ఉస్తుపుకి చెందిన నెలె కాంతులె ఎదురు నిలిచారు. 1925 ఫిబ్రవరిలో దూలే రిపబ్లిక్ పేరుతో స్వాతంత్ర్యం ప్రకటించి, కార్నివాల్ రోజుల్లో పోలీసు ఠాణాల మీద దాడి చేశారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. రిచర్డ్ మార్ష్ అనే అమెరికన్ వాళ్ల పక్షాన ఉన్నాడు. అమెరికా యుద్ధనౌక క్లీవ్‌లాండ్ వచ్చి మధ్యలో నిలిచింది, ఆ నౌక మీదే మార్చి 4న ఒప్పందం కుదిరింది. గునా వాళ్లు పనామాలోనే ఉండటానికి ఒప్పుకున్నారు, ప్రభుత్వం వాళ్ల ఆచారాల జోలికి రాకుండా ఉండటానికి ఒప్పుకుంది. 1938లో ఈ ప్రాంతానికి ప్రత్యేక హోదా వచ్చింది.

ఆ తర్వాత మోలా ఇంకా విరివిగా, ఇంకా గొప్పగా తయారైంది. ఒకప్పుడు వేసుకునే రవిక, ఇప్పుడు పోరాడి నిలబెట్టుకున్న రవిక. ప్రతి ఏటా ఫిబ్రవరి 25న ఊళ్లలో ఆనాటి సంఘటనలని నాటకంగా ఆడతారు, ఆ రోజు ఊరంతా పూర్తి వేషధారణలో కనిపిస్తుంది.

వాళ్ల జెండా మీద స్వస్తిక్ ఎందుకు ఉంది?

1925 తిరుగుబాటు జెండా మీద స్వస్తిక్ ఉంది. నాజీలతో గానీ మనతో గానీ దానికి సంబంధం లేదు. ప్రపంచాన్ని సృష్టించిన ఆక్టోపస్ చేతులని అది సూచిస్తుందని చెబుతారు. 1942లో, నాజీ గుర్తని ఎవరూ పొరబడకుండా, దాని మధ్య ముక్కు ఉంగరానికి గుర్తుగా ఒక వలయం చేర్చారు.

మగవాళ్లు మోలా కుట్టరా?

మామూలుగా కుట్టరు. మగవాళ్ల చేతిపని బుట్టలు అల్లడం, చెక్క చెక్కడం. అయితే మగపిల్లాడిగా పుట్టి ఆడవాళ్ల పనుల వైపు మొగ్గి, ఆడవాళ్లలా జీవించేవాళ్లని గునా సమాజం ఒమెగ్గిద్ అంటుంది, ఇంట్లోనే ఉంచుకుంటుంది. వాళ్లలో పేరుమోసిన మోలా కళాకారులు చాలామంది ఉన్నారు.

చిన్నపిల్లలకి ఎప్పుడు, ఎలా నేర్పుతారు?

క్లాసులేమీ ఉండవు. పిల్ల అమ్మ పక్కన కూర్చుని చూస్తుంది, తర్వాత పనికిరాని గుడ్డముక్కల మీద వంకరటింకర కుట్లు వేస్తుంది, కొన్నాళ్లకి అమ్మ మోలాలో తేలికైన చోట చెయ్యి వెయ్యనిస్తారు. పెళ్లీడుకి వచ్చేసరికి సొంతంగా కుట్టుకోగలుగుతుంది. డిజైన్లు గియ్యడంలో ఎవరి చెయ్యి బాగుంటుందో ఊళ్లో అందరికీ తెలుసు, వాళ్ల చేత కోయించుకుని తాము కుట్టుకునేవాళ్లూ ఉన్నారు.

మంచి మోలాని ఎలా గుర్తుపట్టాలి?

తొందరపడకుండా చేతిలోకి తీసుకుని చూడండి. గీతల వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా? సన్నటి గీత కుట్టడం కష్టం, సన్నగా ఉండి మలుపుల దగ్గర కూడా చెదరకపోతే ఆ చెయ్యి మంచిది. మలుపు తిరిగే మూలలు, త్రికోణాల కొసలు చూడండి, పీచు లేవకూడదు. దారం ఏ గుడ్డ అంచుని కుట్టిందో ఆ గుడ్డ రంగులోనే ఉండాలి. ఖాళీ జాగా నింపిన పద్ధతి చూడండి, నాలుగు చుక్కలు వేసి వదిలేశారా, ఓపిగ్గా నింపారా. తర్వాత తిప్పి వెనక వైపు చూడండి, చేతికుట్టో మిషన్ కుట్టో అక్కడ తెలిసిపోతుంది.

తొడుక్కున్న రవిక నుంచి విప్పి అమ్మిన మోలాలు వేరే రకం. రంగు కొంచెం వెలిసి ఉంటుంది, పై అంచున యోక్ కుట్టిన సూది గుర్తులు ఉంటాయి. చాలామంది దీన్ని పాతగుడ్డ అని పక్కన పెడతారు. నేనైతే ముందు దాన్నే తీసుకుంటాను, ఎందుకంటే అది కుట్టినావిడ తన కోసం కుట్టుకున్నది. మార్కెట్ కోసం కుట్టినవన్నీ నాసిరకం అని కాదు. 1960లలోనే ఆడవాళ్లు మోలా సహకార సంఘం పెట్టుకున్నారు, ఎన్నో ఇళ్లకి చేతి డబ్బు ఈ పని నుంచే వస్తుంది. జంటగా అమ్ముతుంటే మాత్రం దయచేసి రెండూ కొనండి, విడదీయకండి. వారాల పనికి అడిగే ధర మీద గీచిగీచి బేరం చెయ్యకండి.

మోలా డిజైన్ నా బ్లౌజ్ మీద వేయించుకోవచ్చా? అమ్మవచ్చా?

పొరలు కోసి కుట్టే పద్ధతి నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. అది ఒక్క గునా వాళ్ల సొత్తు కాదు. మీ సొంత బొమ్మలతో కుట్టుకోండి, మొదటిసారి రెండు పొరలతో, పెద్ద ఆకారాలతో మొదలుపెట్టండి. గునా డిజైన్లు ఎత్తుకొచ్చి ప్రింటు వేసి అమ్మడం వేరే సంగతి.

పనామా ఈ విషయంలో చాలా ముందుంది. మోలా నకళ్లని దిగుమతి చేసుకోకూడదని 1984లోనే చట్టం చేసింది. మూలవాసుల సామూహిక మేధోహక్కుల కోసం 2000లో ఇంకో చట్టం వచ్చింది, దాని కింద 2002లో మోలాని గునా ప్రజల ఉమ్మడి హక్కుగా నమోదు చేశారు. ఏ ఒక్క మనిషికో కంపెనీకో కాకుండా ఒక జాతి మొత్తానికి హక్కు ఇవ్వడం ఇందులో విశేషం. 2019లో నైకీ కంపెనీ ప్యూర్టో రికో పేరుతో ఒక బూటు తేబోయింది, దాని మీద ఉన్నది మోలా డిజైన్. అనుమతి అడగలేదు, పైగా వేరే దేశం పేరు పెట్టారు. గునా ప్రతినిధులు అభ్యంతరం చెప్పడంతో మే నెలలో ఆ బూటుని ఆపేశారు.

ఈ రోజుల్లో అందరూ ఇలాగే ఉంటారా?

లేదు. నర్గానా లాంటి దీవుల్లో వంద ఏళ్ల కిందటే మానేశారు. పనామా సిటీలో చదువుకునే, ఉద్యోగం చేసే అమ్మాయిలు జీన్స్‌లో ఉంటారు, పండగలకి మోలా తీస్తారు. పెద్దవాళ్లలో రోజూ పూర్తి వేషంలో ఉండేవాళ్లు ఇప్పటికీ ఎంతోమంది. సిటీ బస్సులోనూ, సూపర్ మార్కెట్ క్యూలోనూ అలాగే కనిపిస్తారు.

ఊళ్లే మారిపోతున్నాయి. సముద్రమట్టం పెరగడంతో, జనం కిక్కిరిసిపోవడంతో, గార్ది సుగ్దుబ్ దీవి నుంచి సుమారు 300 కుటుంబాలు 2024 జూన్‌లో తీరం మీద కట్టిన ఇస్బెర్యాలా అనే కొత్త ఊరికి మారాయి. దీవి మీద అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. కొత్త ఊళ్లో వరుసగా చిన్న సిమెంటు ఇళ్లు. కుట్టుపని నేర్చుకునే తీరు మీద దీని ప్రభావం ఏమిటో రాబోయే ఏళ్లలో తెలుస్తుంది.

ఎక్కడ చూడవచ్చు? ఫోటో తీసుకోవచ్చా?

పనామా సిటీ పాతబస్తీ కాస్కో వియేహోలో మోలాల కోసమే ఒక మ్యూజియం ఉంది. ఆ వీధుల్లోనే గునా ఆడవాళ్లు మోలాలు పరుచుకుని అమ్ముతారు, కుడుతూనే ఉంటారు. ఫోటో తీసేముందు తప్పకుండా అడగండి. చాలామంది చిన్న రుసుము అడుగుతారు, అది న్యాయమే. వద్దంటే కెమెరా దించెయ్యండి.

కొన్న మోలాని ఎలా ఉంచుకోవాలి?

ఎర్రగుడ్డ రంగు వదులుతుంది కాబట్టి చల్లటి నీళ్లలో చేత్తో, విడిగా ఉతకండి. నానబెట్టకండి, పిండకండి. తువ్వాలు మీద పరిచి నీడలో ఆరనివ్వండి. పాత మోలా అయితే ఉతక్కపోవడమే మంచిది. ఇస్త్రీ వెనక వైపు నుంచి, తక్కువ వేడితో చెయ్యండి. ఫ్రేము కట్టించేటప్పుడు జిగురు పెట్టనివ్వకండి, అంచుల వెంబడి వదులు కుట్లతో వేరే గుడ్డకి కుట్టించి, దాన్ని బిగించమనండి. ఎండ పడే గోడకి తగిలించవద్దు.